కుర్చీలాట కప్పు

ఫుట్‌బాల్ కప్పును ఇద్దరు మోసుకొచ్చారు. స్టూడియో మెట్లు ఇరుకు. ముందున్నవాడు వెనక్కి నడుస్తూ ఒక్కో మెట్టునూ మడమతో తడుముకుంటుంటే, వెనకవాడు కప్పు అడుగునున్న నల్లచెక్క పీఠాన్ని రొమ్ముకు ఆనించుకుని "సంభాల్కే, సంభాల్కే" అని జాగ్రత్త చెబుతున్నాడు. పైన గుమ్మంలో నిలబడ్డ శేషారత్నం తలుపు రెండో రెక్క గడియ కూడా తీసింది.

"ఇంత పెద్దదాన్ని ఇంటికెలా తీసుకెళ్తారండీ?" అని అడిగింది.

ముందున్నవాడు జట్టు కెప్టెన్ శ్యామ్‌సుందర్. రొప్పుతూనే నవ్వాడు. "ఇంటికేడ పోతదమ్మా? క్లబ్బుల బీరువాల పెట్టి తాళమేస్తరు. ఏడాది తిరగంగనే వాపసియ్యాలె."

అరవై నాలుగో సంవత్సరం డిసెంబరు అది. రాష్ట్రంలోని క్రీడాసంఘాలన్నీ కలిసి ఒక సావనీరు వేస్తున్నాయి. ఆ ఏడు ఏ ఆటలో ఎవరు గెలిచారో వాళ్ళ ఫోటో, చేతిలో వాళ్ళు గెలిచిన కప్పు, ఆటకొక పేజీ. సంఘాలన్నిటికీ కలిపి కార్యదర్శిగా ఉన్న వామన్‌రావు ఆ పనిని ఆబిడ్స్‌లోని రాధాకృష్ణమూర్తి స్టూడియోకి అప్పగించాడు. మూర్తి ఫోటోలు తీస్తాడు. ఆయన భార్య శేషారత్నం వెనకగదిలో కూర్చుని నెగెటివులు దిద్దుతుంది. పెళ్ళికూతురి బుగ్గమీద స్ఫోటకం మచ్చలు పోవాలన్నా, ఫోటో తీసే క్షణాన కళ్ళు మూసుకున్నవాడు కళ్ళు తెరవాలన్నా ఆవిడ పెన్సిలే దిక్కు. మనుషులు ఎదురుగా కూర్చున్నప్పుడు ఆవిడ ఎప్పుడూ ముందుగదిలోకి రాదు. ఇవాళ మాత్రం కప్పులు చూద్దామని వచ్చింది.

గోడవారగా వేసిన పొడుగుబల్ల మీద అవన్నీ వరసగా చేరాయి. క్రికెట్ కప్పు సన్నగా పొడుగ్గా ఉంది, రెండు పిడులు కొంగమెడల్లా వంగి, మూత మీద వేలెడంత వెండి మనిషి బ్యాటెత్తి నిలబడ్డాడు. హాకీవాళ్ళది కప్పు కాదు, డాలు. మధ్యలో పెద్ద వెండి పళ్ళెం, చుట్టూ రావి ఆకులంత చిన్న వెండి రేకులు, ఒక్కో రేకు మీద ఒక్కో ఏడాది గెలిచిన జట్టు పేరు. కొన్ని పేర్లు ఉర్దూ అక్షరాల్లో ఉన్నాయి. ఫుట్‌బాల్ కప్పు పక్కన అవి రెండూ పిల్లల్లా ఉన్నాయి. దాని కడుపులో ఒక బిందెడు నీళ్ళు పడతాయనుకుంది శేషారత్నం. తల కొంచెం వంచి చూస్తే గదంతా అందులో కనిపించింది. దీపాలు, నల్లగుడ్డ కప్పుకున్న కెమెరా, సాగిపోయిన ముక్కుతో తన ముఖం.

"ఎంత పెద్దగుంటే ఏంది?" అన్నాడు కుస్తీ విజేత రాజమల్లు. కాచిగూడ తాలీంలో సాము చేసే మనిషి. భుజం మీద వెండి తొడుగు వేసిన గద పెట్టుకుని గోడకానుకుని నిల్చున్నాడు. "మీ కప్పులన్నీ కిరాయికొచ్చినయే గద. నా గద చూడు. నా ఇంట్ల ఉంటది, నేను సచ్చినంక నా కొడుకింట్ల ఉంటది."

"నీది ఒక్కనిది పహిల్వాన్. దీని మీద ముప్పై ఏండ్ల పేర్లున్నయి. మేం పోయినంక గూడ మా పేరు గండ్ల ఉంటది," అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఉంటది. బీరువాల."

గదిలో అందరూ నవ్వారు. రాజమల్లు గదను కిందికి దించి శేషారత్నం వైపు పిడి చాపాడు. "లేపి చూడమ్మా." రెండు చేతులతో పట్టుకున్నా అది నేల వదల్లేదు. దాన్ని అతను ఒంటిచేత్తో తీసుకుని మళ్ళీ భుజాన పెట్టుకుంటుంటే, మెడనరం ఒక్కసారి ఉబ్బి సర్దుకోవడం చూసి, ఈ నరాన్ని మాత్రం దిద్దకూడదనుకుంది.

మూర్తి నేల మీద సుద్దముక్కతో గీసిన గుర్తు దగ్గర ఒక్కొక్కరినే నిలబెట్టాడు. కెమెరా కదల్లేదు. గెలిచినవాళ్ళే మారారు. శ్యామ్‌సుందర్ కప్పు అంచు మీద చెయ్యి వేసి నిల్చున్నాడు. క్రికెట్ కెప్టెన్ కోటు గుండీలు పెట్టుకుని మళ్ళీ విప్పాడు. రాజమల్లు ఊపిరి బిగబట్టి, ఫోటో అయిపోయిందని చెప్పినా కాసేపు వదల్లేదు.

ఆఖరున లక్ష్మీనర్సమ్మ వచ్చింది. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో అటెండరు. మధ్యాహ్నం సెలవడిగి నేరుగా వచ్చినట్టుంది, బ్యాంకు నీలం చీరలోనే ఉంది. ఇరవై ఐదేళ్ళుంటాయి. మహిళల బాల్ బ్యాడ్మింటన్‌లో రాష్ట్ర విజేతలైన జట్టుకి కెప్టెన్. ఇంతకు ముందు వచ్చినవాళ్ళకు కప్పులు మోసేవాళ్ళున్నారు. ఈమె భుజానికి గుడ్డసంచి ఉంది. అందులోంచి తువ్వాలు తీసి, తువ్వాలు మడతల్లోంచి కప్పు తీసింది.

అది జానెడు కూడా లేదు. ఒక పిడి కాస్త వంకర పోయింది.

పని చూసుకోవడానికి వచ్చి కూర్చున్న వామన్‌రావు బల్ల మీది కప్పుల వైపు, ఆమె చేతిలోని కప్పు వైపు చూశాడు. "ఇదేనా?"

"ఇదే సార్. మీరే ఇచ్చిన్రు."

"ఇది ఫోటోల కనబడదమ్మా. పుటమంత మనిషి, మధ్యల నిమ్మకాయంత కప్పు. జర ఆగు. శ్యామ్‌సుందర్, మీ కప్పు గీడ పెట్టియ్యి."

శ్యామ్‌సుందర్ లేవబోయాడు. లక్ష్మీనర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దన్నా. గది మాది కాదు."

"ఫోటో కొరకే తల్లీ," అన్నాడు వామన్‌రావు.

"మంది ఫోటోనే చూస్తరు గద సార్."

మూర్తికి గొడవలంటే పడదు. నల్లగుడ్డలోంచి తల బయటికి తీసి సర్దిచెప్పబోయాడు. "ఒక పని చేద్దామమ్మా. కప్పుని రెండు చేతులా ముందుకి చాపి, లెన్సుకి దగ్గరగా పట్టుకో. అప్పుడు అదీ పెద్దగానే పడుతుంది. ఎవరికీ తేడా తెలీదు."

ఆమె ఆలోచించింది. ముందుకి చాపి చూసుకుంది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుని, రొమ్ము దగ్గర, రెండు వేళ్ళతో పిడిని, ఇంకో చేత్తో అడుగును పట్టుకుంది. పీఠం మీద ఉన్న చిన్న రేకు కెమెరా వైపుకి వచ్చేలా తిప్పింది. "ఎంతున్నదో అంతే తియ్యున్రి సార్. అందర్నీ ఏడ నిలబెట్టిన్రో ఆడనే నిలబడ్త."

సుద్దగీత మీద పాదాలు రెండూ ఆనించి నిల్చుంది. అప్పటిదాకా దీపం స్టాండు దగ్గర అడ్డంగా ఉన్న రాజమల్లు గద ఎత్తుకుని రెండడుగులు పక్కకి జరిగాడు. వామన్‌రావు గడియారం చూసుకున్నాడు. "తియ్యండి తియ్యండి. తర్వాత చూస్తం," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న శేషారత్నం నెగెటివులు ముందేసుకుని కూర్చుంది. ఆవిడ పనిబల్ల కిటికీ పక్కన ఉంటుంది. ఏటవాలుగా బిగించిన పాల అద్దం, దాని కింద వెలుతురును పైకి తిప్పే చిన్న అద్దం. నెగెటివును పాల అద్దం మీద పెట్టి, దూదితో మందు పూసి ఆరనిచ్చి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. నెగెటివులో అంతా తిరగబడి ఉంటుంది. జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా. కుడి ఎడమవుతుంది. ఆవిడకి అలవాటే. మనుషుల్ని ముందు అలా చూసి, తర్వాత అచ్చులో మామూలుగా చూస్తుంది.

రాజమల్లు మెడనరాన్ని వదిలేసింది. శ్యామ్‌సుందర్ పై పెదవి మీది గాటును కూడా ఏం చెయ్యలేదు. బంతి తగిలో, మోచెయ్యి తగిలో అయుంటుంది. ఇలాంటివాటిని తీసేస్తే వాళ్ళు ఆ కప్పు ఎక్కణ్ణుంచో కొనుక్కొచ్చినట్టుంటారనిపించింది.

తర్వాత లక్ష్మీనర్సమ్మ. పెద్దగా చూపే గాజుబిళ్ళ కంటికి పెట్టుకుని నుదుటి దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చింది. ముఖంలో దిద్దాల్సిందేం లేదు. బొటనవేలి కింద కాయ కాసిన చర్మం. కప్పు. కప్పు మీద ఒక సొట్ట. పీఠం మీది రేకు.

రేకు మీద అక్షరాలున్నాయి. నల్లటి మెరుపులో గాజులా తెల్లగా, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు. శేషారత్నం స్కూలు ఫైనలు దాకా చదివింది. వెనకనుంచి ముందుకి ఒక్కొక్కటే కూడబలుక్కుంది. నమ్మకం కుదరక నెగెటివును తిప్పిపెట్టి మళ్ళీ చదివింది.

లేడీస్ మ్యూజికల్ చెయిర్స్. ఫస్ట్ ప్రైజ్.

"ఏవండీ, ఒకసారిలా రండి."

చీకటిగదిలోంచి చేతులు తుడుచుకుంటూ మూర్తి వచ్చాడు. గాజుబిళ్ళలోంచి చూసి, "కుర్చీలాటా?" అన్నాడు.

"పాట ఆగగానే కుర్చీలో కూలబడతారే, అది. ఏ క్లబ్బులోనో ఆడవాళ్ళకి పెట్టుంటారు. దాంట్లో మిగిలిపోయిన కప్పు రాష్ట్రం గెలిచినవాళ్ళ చేతికిచ్చారు."

మూర్తి మళ్ళీ గాజుబిళ్ళలోకి వంగాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వామన్‌రావు నమూనా అచ్చులు చూసుకోవడానికి వచ్చాడు.

దిద్దకముందే మూర్తి వేసి ఉంచిన అచ్చులన్నీ బల్ల మీద పరిచారు. కప్పులు, డాలు, గద. ఒక్కో దాన్నీ చూస్తూ వామన్‌రావు "వాహ్" అన్నాడు. లక్ష్మీనర్సమ్మ అచ్చు దగ్గర ఆగాడు. శేషారత్నం గాజుబిళ్ళను ఆయన ముందుకి జరిపింది. ఆయన వంగి చదివాడు. లేచినప్పుడు చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నాకు తెల్వదు వదినగారూ," అన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు. మగవాళ్ళ ఫైనలు గొడవల పడి ఆడపిల్లల ఫైనలున్నదనే సంగతి ఆఖరి దినం యాదికొచ్చింది. బీరువాల ఏదుంటే గది తెమ్మన్న. తెచ్చిన్రు. ఇచ్చిన. సభల చప్పట్లు గూడ కొట్టిన్రు."

కుర్చీలో కూర్చుని మంచినీళ్ళడిగాడు. తాగాక గొంతు తగ్గించాడు. "జనవరిల బెంగుళూరుల జాతీయ పోటీలున్నయి. ఆడపిల్లల జట్టును పంపాల్నా వద్దా అని కమిటీ ఇంక తేల్చలేదు. ఈ పేజీ మంచిగుంటే పంపుతరు. కుర్చీలాట అని చదివిన్రనుకోండి, నవ్వుతరు, గంతే. జర మీరే సాయం చెయ్యాలె. గా అక్షరాలు తీసెయ్యండి. మీ చేతిల పనే గదా."

చేతిలో పనే. గీకనక్కర్లేదు కూడా. ఆ గాజు గీతల్లో నాలుగుసార్లు పెన్సిలు ఆనిస్తే చాలు, అచ్చులో అక్షరాలు పోయి మెరిసే వెండి మిగులుతుంది.

"దానికేం, రేపు పొద్దుటికి చేసిచ్చేస్తుంది," అన్నాడు మూర్తి.

వామన్‌రావు వెళ్ళాక శేషారత్నం పెన్సిలు మొనను గరుకుకాగితం మీద రుద్దింది. అటు తిప్పి ఇటు తిప్పి, చాలాసేపే రుద్దింది. నెగెటివు మీద మొదటి అక్షరం దగ్గరికి తెచ్చింది. అబద్ధమన్న బెరుకు కాదు ఆవిడది. చనిపోయిన తండ్రిని కొడుకు పెళ్ళి ఫోటోలో నిలబెట్టిన చెయ్యి అది. ఆ పని చేసినందుకు ఆ ఇంటివాళ్ళు కళ్ళనీళ్ళతో దణ్ణం పెట్టారు. అడిగినవాళ్ళ కోసం దిద్దింది. కానీ ఈ అమ్మాయి ఎంతుందో అంతే తియ్యమంది. రేకును చేత్తో తిప్పి మరీ కెమెరాకి చూపించింది.

పెన్సిలు పక్కనపెట్టి బల్ల మీద గుడ్డ కప్పింది.

"ఏమిటి రత్నం?" అన్నాడు మూర్తి.

"నేనా పిల్ల ఆడుతుంటే ఒకసారి చూడాలండీ."

"చూసి?"

"ఏమో. చూడకుండా ఏం చెయ్యాలో తెలీడం లేదు."

నాంపల్లి స్టేషను గూడ్సుషెడ్డు వెనక ఒక ఖాళీ జాగాలో వాళ్ళు ఆడుకుంటారని బ్యాంకులో కనుక్కుంది. సాయంత్రం రిక్షా దిగేసరికి ఆట సగంలో ఉంది. నేలను నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టి చదును చేసుకున్నారు. సున్నం గీతలు. రెండు గుంజలకు కట్టిన వల మధ్యలో కొంచెం జారింది. ఒకవైపు ఐదుగురు ఆడవాళ్ళు, తెల్ల పైజామాలూ లాల్చీల్లాంటి పొడుగు చొక్కాలూ వేసుకున్నారు. రెండోవైపు ఐదుగురు రైల్వే కుర్రవాళ్ళు. వాళ్ళతో ఆడే ఆడజట్టు ఊళ్ళో ఇంకొకటి లేదట. పక్కనే బస్తాల మీద కూర్చుని హమాలీలు బీడీలు కాలుస్తూ చూస్తున్నారు.

లక్ష్మీనర్సమ్మ మధ్యలో నిల్చుంది. నిన్న స్టూడియోలో కర్రలా బిగుసుకుని నిలబడ్డ మనిషి ఈమేనా అనిపించింది శేషారత్నానికి. మోకాళ్ళు కాస్త వంచి, బ్యాటును వదులుగా, దాదాపు మరిచిపోయినట్టు పట్టుకుంది. పసుపుపచ్చటి ఉన్నిబంతి వల మీంచి వచ్చింది. ఆమె తొందరపడలేదు. బంతి వచ్చే చోటికి అది రాకముందే చేరి, దాని కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండి, చివరి క్షణాన మణికట్టు ఒక్కటి తిప్పింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. బంతి అవతలి ఇద్దరి మధ్య నేలను ముద్దుపెట్టుకున్నట్టు ఆనింది.

రైల్వే కుర్రవాళ్ళు బలంగా కొట్టేవాళ్ళు. ఒకడు ఎగిరి కొట్టిన బంతి వెనకమూల గీత మీదికి దూసుకుపోయింది. వెనకున్న పిల్ల అందుకోలేకపోయింది. లక్ష్మీనర్సమ్మ వెనక్కి తిరక్కుండానే పరుగెత్తి, గాలిలో ఒళ్ళంతా విల్లులా వంచి, తల వెనకనుంచి బంతిని ఎత్తింది. అది ఎంతో పైకి లేచి, స్టేషను మీది పొగలో పసుపు చుక్కలా కాసేపు ఆగినట్టుండి, అవతలి గీతకు లోపలగా పడింది. ఒక హమాలీ బీడీ నోట్లోంచి తీసి "అబ్బ!" అన్నాడు. శేషారత్నం తన రెండు చేతులూ రొమ్ముకు హత్తుకుని ఉన్నాయని అప్పుడు గమనించుకుంది.

ఫోటోలో ఇదేదీ లేదు. ఏ కప్పు పెట్టినా రాదు. బిందెడు నీళ్ళు పట్టే ఆ ఫుట్‌బాల్ కప్పు కూడా ఈ మణికట్టు ముందు చిన్నదే అనుకుంది.

ఆట అయ్యాక లక్ష్మీనర్సమ్మ ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "ఏందక్కా, గింత దూరమొచ్చినవ్? ఫోటో పాడయిందా?"

"పాడవలేదు. బాగా వచ్చింది. రేకు మీద అక్షరాలు కూడా పడ్డాయి."

లక్ష్మీనర్సమ్మ తువ్వాలు ఆపింది. "చదివినవా?"

"నీకు తెలుసా?"

"ఎరికే. ఇచ్చిన దినం దాని మీద కాయితం అతికిచ్చి ఉండె, మా ఆట పేరు రాసి. ఇంటికి తీస్కపోయి తుడుస్తుంటే ఒక మూల లేసింది. మా బ్యాంకుల క్లర్కమ్మతోని చదివించుకున్న. ఫోటోకు వచ్చేముందు కాయితం నేనే పీకిన." తువ్వాలు భుజాన వేసుకుని అంది, "నోటితోని చెప్తే కొట్లాటకొచ్చింది అంటరు. ఫోటోల ఉంటే ఎవరికి వాళ్ళు చదువుకుంటరు గద అనుకున్న."

శేషారత్నం వామన్‌రావు చెప్పిందంతా చెప్పింది. బెంగుళూరు సంగతి, కమిటీ సంగతి, పెన్సిలు సంగతి. "దిద్దమంటే దిద్దుతాను. నీ ఫోటో, నువ్వు చెప్పాలి."

"నా ఒక్కదాని ముచ్చట కాదక్కా ఇది." ఆమె వెనక్కి తిరిగి పిలిచింది. మిగతా నలుగురూ వచ్చి నేల మీద కూర్చున్నారు. అందరికీ మళ్ళీ చెప్పింది. షెడ్డులో ఇంజను ఒకటి ఆవిరి వదిలింది.

అందరిలో చిన్నది పద్మ. కాలేజీలో చదువుతోంది. చొక్కా అంచు మెలిపెడుతూ, "దిద్దితే ఏమైతదక్కా?" అంది. "ఎవరికీ తెల్వదు. మనం బెంగుళూరు పోతం. నాకు పోవాలనుంది. వచ్చే ఏడు మా ఇంట్ల ఆడనిస్తరో లేదో."

"ఔ, నాకు గూడ పోవాలనే ఉంది," అంది లక్ష్మీనర్సమ్మ. "దిద్దితే పోతమేమో. గానీ వచ్చే ఏడు మళ్ల గసొంటి కప్పే ఇస్తరు పద్మా. ఇప్పుడు కుర్చీలాటది ఇచ్చిన్రు. వచ్చేసారి చెంచా నిమ్మకాయ ఆటది ఇస్తరు. మనం తీసుకొని దండం పెడ్తం."

ఎవరో ఫక్కున నవ్వారు. పద్మకి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి చాలాసేపు నేలకేసి చూసింది. అందరూ ఆ పిల్ల కోసమే ఆగారు.

"అయితే దిద్దకున్రి," అంది చివరికి. అని లేచి, వల విప్పడానికి గుంజ దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు వామన్‌రావుకి అచ్చులన్నీ ఒక అట్టకవరులో పెట్టి ఇచ్చింది శేషారత్నం. ఆయన ఒక్కొక్కటే తీసి చూసి, ఆఖరుదాన్ని వెలుతురులోకి తిప్పాడు. అక్షరాలు అక్కడే ఉన్నాయి.

"ఇదేంది వదినగారూ?"

"దిద్దలేదండీ. ఆ అమ్మాయిల్ని అడిగాను. వద్దన్నారు."

వామన్‌రావు మూర్తి వైపు చూశాడు. మూర్తి లెన్సు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"అయితే ఈ పేజీ ఉండదు," అన్నాడు వామన్‌రావు. కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. ఆ అచ్చును బల్ల మీదే వదిలేసి, మిగతావి చంకన పెట్టుకుని వెళ్ళాడు.

శేషారత్నం ఆ నెగెటివు తీసుకుని చీకటిగదిలోకి నడిచింది. వెనకే మూర్తి వచ్చాడు. "ఏం చేస్తావు?" అన్నాడు.

"పెద్దచ్చు వేద్దాం. మన కిటికీలో పెడదాం."

స్టూడియో మెట్ల పక్కన, రోడ్డు మీదికి, అద్దాల కిటికీ ఒకటుంది. కొత్తగా పెళ్ళైన జంటలవీ, పట్టాలు పుచ్చుకున్న డాక్టర్లవీ ఫోటోలు అందులో ఉంటాయి. మూర్తి కాసేపు తటపటాయించాడు. ఎర్రదీపం వెలుగులో ఆవిడ ముఖం చూశాడు. తర్వాత తనే పెద్ద కాగితం తీసి చట్రంలో బిగించాడు. కాగితం మందులో పడ్డాక ఇద్దరూ వంగి చూశారు. ముందు తలకట్టు వచ్చింది, కళ్ళు వచ్చాయి, చేతులు, చేతుల్లో ఆ చిన్న కప్పు, ఆఖరున అక్షరాలు. కింద అట్ట మీద శేషారత్నం తన చేత్తో రాసింది: 'కె. లక్ష్మీనర్సమ్మ, కెప్టెన్. మహిళల బాల్ బ్యాడ్మింటన్ రాష్ట్ర విజేతలు. వారికిచ్చిన కప్పుతో.'

ఆ మధ్యాహ్నానికే కిటికీ ముందు జనం ఆగడం మొదలైంది. ముందు మామూలుగా చూసి పోయేవాళ్ళు. తర్వాత ఒకరు వంగి చదివి, పక్కవాణ్ణి పిలిచి చూపించేవారు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు చదివి, నవ్వబోయి, ఆమె ముఖం వైపు చూసి ఆగిపోయారు. మర్నాడు రాజమల్లు తాలీం వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకడు అక్షరాలు చదివిపెట్టాడు. రాజమల్లు అద్దం ముందు చాలాసేపు నిలబడి, "గీ పిల్లకు నా గద ఇచ్చినా తక్కువనే," అని గట్టిగా, రోడ్డుకంతా వినబడేలా అన్నాడు.

ఆ మాట ఎలా చేరిందో, ఆ మర్నాడు పొద్దున్నే వామన్‌రావు వచ్చాడు. మెట్లెక్కలేదు. కిందనుంచే, "మూర్తిగారూ!" అని పిలిచాడు. మూర్తి, శేషారత్నం ఇద్దరూ దిగి వచ్చారు.

"అది తీసెయ్యండి. నిన్నటి సంది ఎంతమంది అడిగిన్రో తెలుసా? నా పేరు పోతది."

శేషారత్నం నోరు తెరిచేలోపు మూర్తి అన్నాడు. "తీసేస్తామండీ. మీరు వాళ్ళకి సరైన కప్పివ్వండి. ఆ రోజే కొత్త ఫోటో తీసి ఇక్కడ పెడతాను. అప్పటిదాకా మాత్రం ఇదే ఉంటుంది."

శేషారత్నం భర్త వైపు తిరిగి చూసింది. ఆయన ఇంత పొడుగు మాట ఒకరికి ఎదురుచెప్పడం ఆవిడ ఎరగదు.

వామన్‌రావు ఇంకేమో అనబోయాడు. సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కిటికీ దగ్గర వంగాడు. వామన్‌రావు పక్కకి తప్పుకుని చోటిచ్చాడు. ముసలాయన ఒక్కో అక్షరం పెదవులతో కూడబలుక్కుని, తల అడ్డంగా ఆడించి వెళ్ళిపోయాడు. ఆ తల ఆడించడాన్ని వామన్‌రావు చూశాడు. ఆయన అద్దానికి దగ్గరగా వెళ్ళి ఫోటో వైపు మొదటిసారిగా నిదానంగా చూశాడు. కప్పును కాదు, ఆ పిల్ల ముఖాన్ని.

"ఈమె పని చేసే బ్యాంకు ఏడ?" అని అడిగాడు.

"గన్‌ఫౌండ్రీలో, మలుపు దాటాక రెండో మేడ," అంది శేషారత్నం.

ఆయన తలూపాడు. రోడ్డవతల తన రిక్షా ఆగి ఉన్నా ఎక్కకుండా, నడిచే గన్‌ఫౌండ్రీ వైపు వెళ్ళాడు.

బ్యాంకు భోజనాల వేళకి లక్ష్మీనర్సమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. మెట్లు ఎక్కే ఓపిక కూడా లేనట్టు కిందనుంచే "అక్కా!" అని కేకేసింది. శేషారత్నం చేతిలో పెన్సిలుతోనే దిగింది.

"వామన్‌రావు సార్ మా బ్యాంకుకొచ్చిండు. మేనేజరు సాబ్ ముంగట, అందరి ముంగట నిలబడి, తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్యి అన్నడు. నాకు సిగ్గయింది అక్కా, చేతుల ఫైళ్ళున్నయి, ఏం చెయ్యాల్నో తెల్వలే."

"మరి ఏమన్నావు?"

"కప్పు కొత్తది చేపిస్తనన్నడు. కప్పు నెమ్మదిగ ఇయ్యున్రి సార్, ముందుగాల బెంగుళూరు పంపుతరా లేదా గది చెప్పున్రి అన్న."

"పంపుతానన్నాడా?"

"కమిటీల తనే కొట్లాడతనన్నడు. మేనేజరు సాబ్ నడుమల అందుకొని, నాకు సెలవు ఇప్పుడే రాసిస్త అన్నడు. పద్మకు ఇంక చెప్పలే. సాయంత్రం చెప్పాలె. ఏడుస్తది అది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అప్పుడు కిటికీ వైపు తిరిగింది. ఆ ఫోటోను ఇంత పెద్దగా ఆమె ఇప్పుడే చూస్తోంది. దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ రెండడుగులు వెనక్కి వేసింది. పక్కన పెళ్ళి జంట, డాక్టరు, మధ్యలో తను.

"ఇక తీసెయ్యనా?" అంది శేషారత్నం. "ఆయన మాటిచ్చినట్టే కదా."

లక్ష్మీనర్సమ్మ తల ఒక పక్కకి వాల్చి, ఇంకెవరినో చూస్తున్నట్టు, తనని తాను నింపాదిగా చూసుకుంది. చీర కొంగు సర్దుకుంది.

"కొత్తది వచ్చేదాంక ఉండనియ్యక్కా," అంది. "గా ఫోటోల నేను మంచిగున్న."

బ్యాంకులో గంట కొట్టే వేళవుతోంది. సైకిళ్ళ మధ్య సందు చూసుకుని, బంతి కోసం పరుగెత్తినట్టే రోడ్డు దాటిపోయింది.